పచ్చకామెర్లూ, అయస్కాంత పటమూ

పచ్చకామెర్ల వానికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని పెద్దలు ఒక సామెత చెప్పారు. పక్షపాత బుద్ధితో లోకాన్ని చూసేవానిని ఉద్దేశించిన మాట అది. తరగతి గదిలో మేమూ ఎన్నోసార్లు ఆ అర్థమే చెప్పాము. కాని కామెర్లు సోకిన మనిషే లోకానికి పచ్చగా కనిపిస్తాడనీ, ఆ పచ్చదనాన్ని కళ్లారా చూస్తూ కూడా సరిగా చదువలేని గుడ్డితనం పక్కనున్న మనదేననీ మాకు 2018వ సంవత్సరపు వానాకాలంలో తెలిసివచ్చింది. సాహిత్యం బోధించుకునేవారికి వైద్యశాస్త్రంతో పని ఏమిటని విజ్ఞులు అడుగవచ్చు. మా విద్యార్థుల ఇళ్లలో ఏ ఒక్కరికైనా ఉపయోగపడగలదన్న ఆశతోనూ, మా పొరపాటును మేమే ఒప్పుకోవలెనన్న తలంపుతోనూ ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మా మామూజాన్, అనగా మా తల్లిగారి పెద్దన్న, బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీలో చెరకు విభాగంలో పనిచేశారు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితో ఈ ప్రాంతం చెరకు తోటల సీమ అయింది. 1937లో నెలకొల్పిన ఆ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియా ఖండంలోనే అతి పెద్దదని పేరు గడించింది. 2002లో అది ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయిన రోజుల్లో మామూజాన్ ఉద్యోగం వదులుకున్నారు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీయే మూతపడింది. అయినా ఆయన మాటల్లో అది ఎన్నడూ మూతపడలేదు.

ఆయన ఉద్యోగమంతా ముందుగా అంచనా కట్టడమే. చెరకు నరకడానికి ముందు పొలం పొలం తిరిగి, చేతిలో ఇమిడే దుర్భిణి వంటి సాధనంపై రెండు చుక్కల రసం వేసి, వెలుతురుకు పట్టి చూసి, బ్రిక్స్ ఎంతో పుస్తకంలో వ్రాసుకునేవారు. ఆ అంకెలనుబట్టి ఏ రైతు తోటను ఎప్పుడు నరకాలో నిర్ణయం జరిగేది. చిన్నతనంలో సెలవులకు బోధన్ పోయినప్పుడు ఆ సాధనంలో మేమూ తొంగి చూసి, అంకె చదివి, ఇంత చక్కెర అని గంతులు వేసేవాళ్లం. ఆయన నవ్వి, “బ్రిక్స్ అంటే చక్కెర కాదు బేటా, రసంలో కరిగిన సమస్తం. అందులో చక్కెర పాలెంతో ప్రయోగశాల చెప్పాలి. ఆ పైన నరికిన గడ ఎండలో పడి ఉంటే ఆ లెక్క కూడా తప్పుతుంది” అనేవారు. నరికిన చెరకు ఒక దినం లోపల గానుగకు చేరకపోతే అందులోని చక్కెర విరిగిపోవడం మొదలవుతుందట. కొలతకు విలువ ఉండాలంటే దాని వెంట పని కూడా సకాలంలో జరగాలని ఆయన చెప్పిన పాఠం. ఆ పాఠం మాకు బాల్యంలోనే అందింది. అవసరమైన నాడు మాత్రం జ్ఞాపకం రాలేదు.

2018 ఆగస్టులో మామూజాన్ కళ్లు పచ్చబడ్డాయి. పసుపు పంటకు పెట్టింది పేరైన మా ఇందూరు మార్కెట్టులో కొమ్ములు రాశులు పోసి ఉంటాయి. అచ్చం ఆ రంగు. జ్వరం లేదు, నొప్పి లేదు. ఒళ్లంతా దురద, మూత్రం ముదురు రంగు. మలం సున్నం కలిసినట్లు తెల్లబడిందని ఆయన సిగ్గుపడుతూ మాకు చెప్పారు. నొప్పి లేదు కదా, భయమేమీ లేదని మేమే ధైర్యం చెప్పాము. అంతటితో ఆగలేదు. పసరు మందు పోసే ఒకాయన పక్క పల్లెలో ఉన్నాడని విని, మా బండి మీదనే కూర్చోబెట్టుకొని తీసుకొని పోయాము. మూడు ఆదివారాలు పసరు, ఉప్పు లేని పథ్యం, మళ్లీ మూడు ఆదివారాలు. నలభై రోజులు గడిచాయి. ఎం.ఏ. పట్టా గోడకు వ్రేలాడుతూనే ఉంది.

పసరు వైద్యుడు మోసగాడని మేము అనము. అతని నమ్మకం అతనిది. దానికి ఒక కారణం కూడా ఉంది. కలుషితమైన నీటివల్ల, ఆహారంవల్ల వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాలలో వాటంతట అవే తగ్గిపోతాయి. ఆ వారాలలో పసరు త్రాగినవాడు పసరుకే మొక్కుతాడు. కాని కామెర్లన్నీ ఒకటి కావు. కాలేయంలో పుట్టిన పిత్తరసం సన్నని నాళాల గుండా ప్రేగులోకి దిగాలి. ఆ దారి ఎక్కడో మూసుకుపోతే పిత్తం వెనుకకు తన్ని రక్తంలో కలుస్తుంది. కళ్లు పచ్చబడతాయి, దురద పుడుతుంది, ప్రేగుకు పిత్తం అందక మలం తెల్లబడుతుంది. దారి మూసింది రాయి కావచ్చు, పుండు మాని బిగిసిన మచ్చ కావచ్చు, గడ్డ కావచ్చు. రాయికి తరచుగా నొప్పి ఉంటుంది. నొప్పి లేకుండా నిశ్శబ్దంగా వచ్చే ఈ రకానికే ఎక్కువ భయపడవలసి ఉంది. ఏ నొప్పి లేకపోవడాన్ని చూసి మేము ధైర్యపడ్డామో, అదే మొదటి హెచ్చరిక.

చివరకు నిజామాబాదులో అల్ట్రాసౌండ్ పరీక్ష చేయగా కాలేయం లోపలి నాళాలు ఉబ్బి ఉన్నాయని తేలింది. వెంటనే హైదరాబాదు పొమ్మన్నారు. అక్కడ ఒక ఆసుపత్రిలో నాళం తెరిచే గొట్టం వేయకముందే ఎం.ఆర్.ఐ. స్కానింగ్ తీశారు. గొట్టం ముందే వేస్తే ఉబ్బిన నాళాలు ముడుచుకొని, వాపు కూడా చేరి, రోగం ఎంతవరకు ప్రాకిందో పటంలో స్పష్టపడదట. ఈ క్రమం తెలియక ముందు వెనుకలు చేసుకొనేవారు ఉన్నారు గనుక దీనిని ప్రత్యేకించి చెబుతున్నాము.

ఎం.ఆర్.ఐ. అనగానే మనలో చాలామంది ఎక్స్‌రే వంటిదేనని అనుకుంటారు. 1895లో రాంట్‌జన్ కనిపెట్టిన ఎక్స్ కిరణాలకూ దీనికీ సంబంధం లేదు. మన దేహంలో ఎక్కువ భాగం నీరు. నీటిలో హైడ్రోజన్ ఉంది. బలమైన అయస్కాంతంలో మనిషిని పడుకోబెట్టినప్పుడు ఆ హైడ్రోజన్ కేంద్రకాలు ఒక క్రమానికి వస్తాయి. రేడియో తరంగంతో వాటిని కదిలించి వదిలితే, తిరిగి సర్దుకుంటూ అవి సన్నని సంకేతాన్ని వెలువరిస్తాయి. ఆ సంకేతాలను లెక్కకట్టి పటం గీయవచ్చునని 1973లో పాల్ లాటర్‌బర్ నిరూపించగా, పీటర్ మాన్స్‌ఫీల్డ్ ఆ పద్ధతిని త్వరితం చేశాడు. 2003లో వారిద్దరికీ నోబెల్ బహుమతి లభించింది. 1991 నుండి పిత్తనాళాలకై ప్రత్యేకమైన పద్ధతి ఒకటి వాడుకలోకి వచ్చింది, దానిని ఎం.ఆర్.సి.పి. అంటారు. నిలకడగా ఉన్న ద్రవం మాత్రమే తెల్లగా మెరిసేటట్లు చేయడం అందులోని కిటుకు. సూది లేదు, రంగుమందు లేదు. నల్లని తెర మీద పిత్తనాళాలు ఆకులు రాల్చిన చెట్టు వలె కనిపిస్తాయి.

డాక్టరుగారు ఆ పటాన్ని వెలుతురు పలక మీద పెట్టినప్పుడు మాకు కందకుర్తి జ్ఞాపకం వచ్చింది. మన రెంజల్ మండలంలో గోదావరితో మంజీర, హరిద్ర కలిసే చోటది. హరిద్ర అనగా పసుపే. కాలేయం కుడి భాగం నుండి ఒక నాళం, ఎడమ భాగం నుండి ఒక నాళం దిగి వచ్చి ఒక చోట కలిసి పెద్ద నాళమవుతాయి. మామూజాన్ పటంలో సరిగా ఆ సంగమం దగ్గరనే తెల్లని గీత తెగిపోయి ఉంది. పైన వాగులన్నీ వరద వచ్చినట్లు ఉబ్బి ఉన్నాయి. క్రింద నది ఎండి ఉంది. ఈ చోట పుట్టే పిత్తనాళ క్యాన్సరును 1965లో గెరాల్డ్ క్లాట్‌స్కిన్ అనే వైద్యుడు విపులంగా వర్ణించాడు. ఆయన పేరనే దానిని పిలుస్తారు.

రోగం ఉన్నదని చెప్పడం పటం చేసే పనిలో సగమే. రోగం ఎటు పోతుందో సూచించడం మిగిలిన సగం. సంగమం నుండి గడ్డ ఒక వైపే ప్రాకితే ఆ వైపు కాలేయాన్ని తీసివేసి మనిషిని నిలబెట్టవచ్చు. రెండు వైపులా కొమ్మల లోపలికి ప్రాకిందా? కాలేయానికి రక్తం తెచ్చే సిరను, ధమనిని చుట్టుకుందా? శోషరస గ్రంథులు పెరిగాయా? మిగిలే కాలేయం జీవించడానికి చాలుతుందా? ఈ ప్రశ్నలకు వచ్చే సమాధానాలనుబట్టి శస్త్రచికిత్స సాధ్యమా, కాదా, ముందున్న కాలం సుమారు ఎంత అని వైద్యులు అంచనా కడతారు. పూర్తిగా నయం చేయగల మార్గం శస్త్రచికిత్సే. కాని రోగం బయటపడేనాటికి ఎక్కువమంది ఆ గడువు దాటి ఉంటారు. మామూజాన్ పటంలో గడ్డ రెండు వైపులకూ ప్రాకి, సిరను చుట్టుకొని ఉంది.

“నలభై రోజుల క్రితం వచ్చి ఉంటే?” అని మేము అడిగాము. గొంతు పెగలలేదు. డాక్టరుగారు కొంతసేపు పటాన్నే చూస్తూ, “ఈ రోగం నెలల తరబడి చప్పుడు లేకుండా పెరుగుతుంది. ఆ నలభై రోజులే మార్చాయని చెప్పలేను, మార్చలేదనీ చెప్పలేను” అన్నారు. ఆ రెండో మాట మమ్మల్ని ఓదార్చడానికి కాదు, అది నిజం. ఆ నిజాన్ని మోస్తూనే ఉన్నాము.

బయటి వరండాలో ఇంటివారంతా చేరి, పెద్దాయనకు ఈ సంగతి చెప్పవద్దని తీర్మానించారు. చెబితే గుండె పగిలి ముందే పోతారని ఒకరు, మృత్యుఘడియ అల్లాహ్‌కు మాత్రమే తెలుసు, మనుష్యులు లెక్క కట్టడం అపచారమని ఇంకొకరు. మేమూ తల ఊపాము. లోపలికి వెళ్లేసరికి మామూజాన్ డాక్టరుగారిని తామే అడుగుతున్నారు. “సారూ, నేను ముప్పై ఏండ్లు చెరుకు చూసి చక్కెర చెప్పినోన్ని. మీరు గీ బొమ్మ జూసి ఏం జెప్తరో నాకే చెప్పుండ్రి. మా పిల్లలకు వద్దు.”

డాక్టరుగారు మావైపు ఒకసారి చూసి, కుర్చీ దగ్గరకు జరుపుకొని, ఆయనకే చెప్పారు. ఆపరేషన్ కుదరదని, గొట్టం వేస్తే పచ్చదనమూ దురదా తగ్గుతాయని, మందులు కొంత కాలం పట్టి ఉంచగలవని, ఇటువంటి పటం ఉన్నవారిలో సగంమంది సుమారు ఒక సంవత్సరం లోపు వరకే చూస్తారని, మిగతా సగం అంతకంటె ఎక్కువ చూస్తారని చెప్పారు. మామూజాన్ శ్రద్ధగా విన్నారు. “అంటే ఇది బ్రిక్స్, చక్కెర కాదన్నమాట” అని మాతో ఉర్దూలో అన్నారు. ఆ మాటకు అర్థం ఆ గదిలో మాకు ఒక్కరికే తెలుసు.

తర్వాత చదివి తెలుసుకున్న కొన్ని సంగతులు ఇక్కడ మనవి చేస్తాము. 2010లో ప్రచురితమైన ఒక బ్రిటిష్ పరిశోధనలో, శస్త్రచికిత్సకు అందని పిత్తమార్గ క్యాన్సరు గల 410 మందికి చికిత్స చేశారు. జెమ్‌సైటబిన్ ఒక్కటే తీసుకున్నవారి జీవితకాలపు మధ్యగతం 8.1 నెలలు, సిస్‌ప్లాటిన్ కూడా జోడించినవారిది 11.7 నెలలు. 2022లో దుర్వలుమాబ్ అనే కొత్త ఔషధం చేరి మరికొంత మేలు కలిగించింది. మధ్యగతం అంటే గడువు కాదని లెక్కలు చదివే విద్యార్థులకు వేరుగా చెప్పనవసరం లేదు. సగంమంది దానికి ఇవతల, సగంమంది అవతల. స్టీఫెన్ జే గూల్డ్ అనే అమెరికన్ శాస్త్రవేత్తకు 1982లో వేరొక అరుదైన క్యాన్సరు సోకింది. ఆ రోగపు మధ్యగతం 8 నెలలని ఆయన పుస్తకాలలో చదివాడు. గణితం తెలిసినవాడు గనుక తాను రేఖకు ఏ వైపున ఉండగలడో ఆలోచించాడు. ఆ తర్వాత 20 ఏండ్లు జీవించి, 2002లో మరొక క్యాన్సరుతో మరణించాడు. అందరికీ అటువంటి అదృష్టం పట్టదు. అంకె శిలాశాసనం కాదన్నంతవరకే ఈ ఉదాహరణ.

ఈనాడు పరిశోధకులు పటంలో కంటికి కనిపించనిదాన్ని కూడా చదవాలని ప్రయత్నిస్తున్నారు. కాలేయం లోపల గడ్డకట్టే రకంలో, రక్తనాళంలోకి ఎక్కించిన రంగుమందు మొదటి క్షణాలలోనే గడ్డను మెరిపిస్తే కొంత మేలని, ఆలస్యంగా నెమ్మదిగా నిలిస్తే అందులో నారవంటి కణజాలం ఎక్కువై ఉండి రోగం మొండిదయ్యే సూచన అని కొన్ని అధ్యయనాలు తెలిపాయి. గడ్డలో నీటి అణువులు ఎంత స్వేచ్ఛగా కదులుతున్నాయో కొలిచే పద్ధతి మరొకటి. పటంలోని బూడిదరంగు చుక్కల అమరికను కంప్యూటరుతో వందల అంకెలుగా మార్చి, శస్త్రచికిత్స తర్వాత రోగం తిరిగి వస్తుందా రాదా అని పోల్చి చూసే పద్ధతిని రేడియోమిక్స్ అంటున్నారు. ఇవన్నీ ఆశ కలిగించేవే. కాని వీటిలో చాలావరకు కొద్దిమంది రోగుల పాత పటాలపై, ఒక్కొక్క ఆసుపత్రిలో జరిగినవి. ఒక యంత్రంపై కుదిరిన లెక్క మరొక యంత్రంపై కుదరకపోవచ్చు. పొట్ట పొరల మీద ఆవగింజంత రోగం చేరితే పటం చూడలేకపోవచ్చు. బోధన్ నేల మీద పట్టిన బ్రిక్స్ లెక్కను ఇంకొక సీమకు అట్లే వర్తింపజేయలేము కదా!

ముందుగా తెలుసుకోవడం అపచారమన్న మాటకు మన పూర్వులే సమాధానం చెప్పారు. యునానీ వైద్యానికి మూలపురుషుడైన బుఖ్రాత్, అనగా హిపోక్రటీస్, రోగపు భవితను గురించి వ్రాసిన గ్రంథాన్ని 9వ శతాబ్దిలో బాగ్దాదుకు చెందిన హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్ అనువదించాడు. దాని అరబ్బీ పేరుకు ముందస్తు ఎరుక అని అర్థం. పచ్చకామెర్లను ‘యర్ఖాన్’ అనే హకీములు వాటికి పచ్చ పిత్తమైన ‘సఫ్రా’ను కారణంగా చెప్పారు. మన ఆయుర్వేదం రోగాలను సాధ్యమనీ, అసాధ్యమనీ విభజించి, ఆ రెంటి నడుమ యాప్యమనే ఒక తరగతిని ఏర్పరచింది. నయం కాదు, కాని తగిన చికిత్సతో మనిషిని నిలిపి ఉంచవచ్చునని దాని భావం. వారిలో ఎవరూ అదృశ్య జ్ఞానాన్ని అపహరించలేదు. చేయవలసిన పని ఏదో నిశ్చయించుకోవడానికే ముందు చూశారు.

మామూజాన్ చేసిన పనీ అదే. ఎండోస్కోపీ ద్వారా గొట్టం వేయించుకున్నారు. దురద తగ్గి, చాలా రోజుల తర్వాత నిద్ర పట్టింది. మందుల కోసం నెల నెలా హైదరాబాదు పోయి వచ్చేవారు. ఒక శుక్రవారం నమాజు తర్వాత పాత బ్రిక్స్ పుస్తకం తెరిచి, మిగిలి ఉన్న ఖాళీ పుటలలో తమ అప్పులు, తమకు రావలసినవి, ఇంటి పంపకం, అన్నీ వ్రాశారు. వసీయత్ వ్రాసి ఉంచుకోవడం మన ధర్మంలో ఎంత ముఖ్యమో మనందరికీ తెలుసు. మేము ఆ రోజు వరండాలో చేసిన తీర్మానమే నెగ్గి ఉంటే ఆయనకు ఆ అవకాశాన్ని మేమే దొంగిలించి ఉండేవాళ్లం. ఆయన పదిహేను నెలలు బ్రతికారు. 2019 డిసెంబరులో, చెరకు కోతల కాలంలో, బోధన్‌లోని తమ ఇంట్లోనే కన్నుమూశారు. చివరి నెలలు సుఖంగా గడిచాయని చెబితే అది అబద్ధమవుతుంది. ఆయనకు తెలియకుండా మాత్రం ఏదీ గడవలేదు.

విద్యార్థులారా! ఇంట్లో ఎవరి కళ్లయినా పచ్చబడితే పసరు కోసం పరుగెత్తవద్దు. ఆ వారంలోనే రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్ చేయించండి. మలం తెల్లబడినా, దురద పుట్టినా, నొప్పి లేకపోయినా మరింత త్వరపడండి. నాళం మూసుకుపోయిందని తేలితే గొట్టం వేయడానికి ముందే ఎం.ఆర్.ఐ. తీయవచ్చునేమో అడగండి. ఖర్చుకు భయపడేవారికి ఆరోగ్యశ్రీ ఉంది. మెహదీ నవాజ్ జంగ్ పేరిట 1955 నుండి హైదరాబాదులో నడుస్తున్న ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. డాక్టరు చెప్పిన అంకె ఎవరి జీవితానికి సంబంధించినదో, అది వినే హక్కు మొదట వారిది. వారు అడిగినప్పుడు గదిలో నుండి బయటకు పంపవద్దు.

మా తల్లిగారి పెట్టెలో ఆ పుస్తకం భద్రంగా ఉంది. మొదటి పుటల్లో తోటల పేర్లు, గడల అంకెలు. చివరి పుటల్లో ఆయన తీర్చిన అప్పులు. ఒక్కొక్క అప్పు తీరినప్పుడు పక్కన తేదీ వేసి సంతకం చేశారు. తీరని అప్పు అందులో ఒక్కటీ లేదు. పచ్చకామెర్ల సామెత చెప్పవలసి వచ్చినప్పుడల్లా మేము ఈ కథ కూడా తరగతిలో చెబుతున్నాము. పాఠ్యప్రణాళికలో లేనిదైనా పిల్లలు విసుగు లేకుండా వింటున్నారు.